మాంసకృత్తులు – పప్పుధాన్యములు: శాకాహార పోషణ చరిత్రలో ఒక పరిశీలనము

ప్రోటీను అను పదార్థమునకు తెలుగు శాస్త్రగ్రంథములలో స్థిరపడిన నామము 'మాంసకృత్తు'. మాంసమును చేయునది యని దీని వ్యుత్పత్తి. సోదరభాషలలో ఇదే పదార్థమునకు ఏర్పడిన నామములను దీనితో పోల్చి చూచిన ఒక విశేషము గోచరించును. మలయాళమున దీనిని 'మాంస్యము' అందురు. వంగభాషలో 'ఆమిషము' అను పదమే మాంసాహారమునకును ఈ పోషకమునకును చెల్లుచున్నది. కన్నడులు నత్రజని సంబంధమును గ్రహించి 'ససారజనక' మనిరి. మహారాష్ట్రులు 'ప్రథినే' యనియు, తమిళులు 'పురదం' అనియు మూలపదధ్వనిని తమ భాషల కనుగుణముగ మలచుకొనిరి. 1838లో డచ్చి రసాయనజ్ఞుడు ముల్డర్, బెర్జీలియస్ సూచనపై, ఈ పదార్థమునకు ప్రోటీను అని పేరిడినప్పుడు ఆ గ్రీకుపదమున కున్న అర్థము 'ప్రథమస్థానము గలది' అని మాత్రమే. మాంసప్రసక్తి అందులో లేదు.

కావున మన పదము కేవలము అనువాదము గాక ఒక వ్యాఖ్యానమును గూడ తనలో నిముడ్చుకొన్నది. శరీరమున మాంసమును చేయునది యను అర్థమున అది నిర్దుష్టమే. కాని సామాన్యుని చెవికి అది మాంసమునుండి లభించునది యను భ్రమను గల్పించును. మాంసము ముట్టనివానికి మాంసకృత్తు లెక్కడివి? ఈ ప్రశ్న నేడు వైద్యుల యెదుటను, గృహిణుల యెదుటను, విద్యార్థి వసతిగృహముల యెదుటను నిత్యము వినబడుచున్నది. దీనికి పోషణశాస్త్రము చెప్పు సమాధానము కలదు. అయితే ఆ శాస్త్రమునకే ఒక చరిత్ర కలదు. ఆ చరిత్రలో పొరపాట్లును, దిద్దుబాట్లును, కొంత జాత్యహంకారమును గూడ కలవు. మన నేలకు, మన భాషకు, మన భోజనపంక్తికి దానితో గల సంబంధమును పరిశీలించుటయే ఈ వ్యాసోద్దేశము. సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'ను ప్రకటించిన పిదప, జనుల తిండి, బట్ట, ఆటపాటలు చరిత్రకు విషయములు కావని ఎవరును అనజాలరు.

మొదట భూగర్భసాక్ష్యమును చూతము. దక్షిణాపథపు నవశిలాయుగ గ్రామములలో, అనగా క్రీ.పూ. మూడవ సహస్రాబ్దినుండి, దొరకిన బొగ్గుపట్టిన గింజలలో ఉలవలును పెసలును ముఖ్యమైనవి. వానితోపాటు కొఱ్ఱజాతికిని అండుకొఱ్ఱజాతికిని చెందిన చిఱుధాన్యములు కన్పట్టుచున్నవి. బళ్లారి ప్రాంతమునందలి సంగనకల్లు, తెక్కలకోట మొదలగు స్థలములు ఇందులకు ప్రసిద్ధములు. ఆనాటి జనులు పశుపాలకులు. పూర్వపు మహబూబునగరము మండలమునందలి ఉట్నూరు బూడిదదిబ్బ వారి పశువులదొడ్ల గుఱుతే. అనగా పాలు, పప్పుగింజ, చిఱుధాన్యము అను మూడింటి కలయిక ఈ నేలపై నాలుగువేల యేండ్లకు మించిన ప్రాచీనత గలది. కంది పుట్టినిల్లుగూడ దూరదేశము కాదు. దాని వన్యబంధువు తూర్పు కనుమలలోను, బస్తరు, ఒడిశా ప్రాంతములలోను నేటికిని పెరుగుచున్నది. సెనగ మాత్రము పశ్చిమాసియానుండి వచ్చిన పంట.

భాష ఈ సాక్ష్యమును బలపఱచుచున్నది. 'పెసర'కు తమిళమున 'పయఱు', కన్నడమున 'హెసరు' సజాతులు. ఇది ద్రావిడపదము. 'సెనగ' యన్ననో సంస్కృతపు 'చణక' శబ్దభవము. పంటతో పేరును వచ్చినది. తరువాత అమెరికా ఖండమునుండి వచ్చిన కాయకు మనవారు 'వేరుసెనగ' యని పేరిడిరి. ఒకనాడు అతిథిగా వచ్చిన పదము మఱియొక అతిథికి పేరిచ్చునంతగా ఇంటిది అయ్యె నన్నమాట. ఇక 'పప్పు' అను పదము. తమిళమున 'పరుప్పు', ప్రాచీనాంధ్రమున 'ప్రప్పు', నేడు 'పప్పు'. 'ప్రాత' 'పాత' యైనట్లే ఇందును రేఫము జాఱినది. పొట్టు తీసి బద్దచేసిన గింజకు ప్రత్యేకనామ ముండుటచే, గింజను నానబెట్టి, ఎండబెట్టి, విసరి, చెఱుగు విద్య మనవారికి చిరపరిచితమని స్పష్టమగుచున్నది.

వైదికవాఙ్మయమున, శివాలయములలో నేటికిని అభిషేకవేళ పఠింపబడు చమకమునందు, యజమానుడు కోరు ధాన్యములలో వ్రీహియవాదులతోపాటు మాష, ముద్గ, ఖల్వ, మసూరములు కలవు. మినుములు, పెసలు, చిఱుసెనగలు ఆనాడే సంపదగా లెక్కింపబడినవన్నమాట. చరకసంహితలోని సూత్రస్థానము పప్పుగింజలను 'శమీధాన్యము' లని వేఱు వర్గము చేసినది. వానిలో పెసలు హితతమములనియు, మినుములు తక్కువ హితములనియు చెప్పుచునే, మినుములు బలవర్ధకములని అంగీకరించినది. రోగికి పెసరకట్టు, కష్టజీవికి మినుములు అను మన గృహవైద్యసంప్రదాయమున కిది మూలము. మన ఆబ్దికపు భోజనమున గారెలు తప్పనిసరి యగుటలో గూడ మాషములకు గల ఈ గౌరవము కన్పట్టుచున్నది.

తెలుగు కావ్యములలో శాకాహార భోజనమునకు అత్యంత నిశితమైన వర్ణన ఆముక్తమాల్యదలో కలదు. విష్ణుచిత్తుడు ఋతువు ననుసరించి అతిథులకు వడ్డించు పదార్థములను కృష్ణదేవరాయలు పేర్కొనెను. వర్షాకాలపు భోజనమున అన్నము, పొట్టు ఒలిచిన పప్పు, పొగచిన కూరలు, వరుగులు, వడియములు, పెరుగు, నేయి కలవు. పోషణశాస్త్రదృష్టితో చూచినచో ఈ పట్టికలో లోపము కన్పట్టదు. కాని సాహిత్యసాక్ష్యమును చరిత్రకారుడు జాగరూకతతో గ్రహింపవలెను. విష్ణుచిత్తుని విస్తరి ఆనాటి సర్వజనుల విస్తరి కాదు. పలనాటి జొన్నకూటిని ఆక్షేపించు చాటువులు శ్రీనాథుని పేర ప్రచారమున నున్నవి. జొన్నకూడు తిన్నవారు తమ తిండిని గూర్చి వ్రాసిన కావ్యము మాత్రము మనకు లేదు. కావుననే 'మన పూర్వులు అన్నియు నెఱుగుదురు' అను గర్వోక్తికి కావ్యసాక్ష్యము చాలదు. పప్పును పాలును దొరకినవారికి ఆ తిండి సంపూర్ణము. దొరకనివారి సంగతి వేఱు.

ఇక ఆధునికశాస్త్రము. 1842లో లీబిగ్ అను జర్మను రసాయనజ్ఞుడు కండరముల శ్రమకు మాంసకృత్తులే ఇంధనమని ప్రతిపాదించెను. 1865లో ఫిక్, విస్లిసేనస్ అను ఇరువురు స్విట్జర్లాండునందలి ఫౌల్‌హార్న్ శిఖరము నెక్కి, తమ మూత్రమునందలి నత్రజనిని కొలిచి, ఆ వాదము తప్పని నిరూపించిరి. అయినను 'బలమునకు మాంసము' అను నమ్మిక చావలేదు. మ్యూనిక్ నగరమున ఫాయిట్ జర్మను శ్రామికుల తిండిని పరిశీలించి, దినమునకు 118 గ్రాముల మాంసకృత్తులు వలయునని నిర్ణయించెను. జనులు తినుచున్న దానిని వారికి కావలసిన దానిగా గ్రహించుట ఇందలి దోషము. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయాచార్యుడు చిట్టెండెన్ 1904లో ప్రకటించిన ప్రయోగములలో అధ్యాపకులు, సైనికులు, వ్యాయామవిద్యార్థులు అందులో సగమునకు మించని పరిమాణముతో నెలల తరబడి ఆరోగ్యముగా నుండిరి.

ఈ వివాదము భారతదేశమునకు వచ్చునప్పటికి దానికి రాజకీయవర్ణము అంటినది. కలకత్తా వైద్యకళాశాలలో శరీరధర్మశాస్త్రాచార్యుడైన మెక్కే వంగదేశపు చెఱసాలల భోజనమును పరిశీలించి, 1912లో మాంసకృత్తులను గూర్చి ఒక గ్రంథమును ప్రకటించెను. అన్నము తినువారి దేహదార్ఢ్యము తక్కువ యగుటకు మాంసకృత్తుల కొఱత కారణమని, చిట్టెండెన్ వాదము ఆచరణమున నిలువదని అతని సిద్ధాంతము. పాలకుల గ్రంథములలో కొన్ని జాతులు 'యోధజాతు' లనియు కొన్ని కావనియు వర్గీకరణము చెల్లుచున్న దినములవి. అట్టి కాలమున ఇట్టి సిద్ధాంతము పేదఱికపు ఫలితమును జాతిలక్షణముగా చూచుటకు అవకాశ మిచ్చినది.

పిమ్మట మెకారిసన్ కూనూరులో చేసిన ఎలుకల ప్రయోగములు సుప్రసిద్ధములు. సిక్కు, పఠాను, మహారాష్ట్ర, గూర్ఖా, కన్నడ, వంగ, మదరాసు భోజనములను వేఱు వేఱు గుంపుల ఎలుకలకు పెట్టగా, వాని పెరుగుదల ఇదే క్రమమున తగ్గుచు వచ్చెను. తీరాంధ్రమును రాయలసీమయు అప్పటి మదరాసు రాష్ట్రములోనివే గనుక, ఈ అట్టడుగు స్థానము మనకును సంబంధించినదే. అయితే ఈ ప్రయోగము నుండి గ్రహింపవలసిన దేమి? సిక్కుల భోజనమున మాంసము అప్పుడప్పుడు మాత్రమే. దానికి ఆధారము ముడిగోధుమ రొట్టె, పాలు, వెన్న, పప్పు, ఆకుకూరలు. మదరాసు భోజనమున మరపట్టి కడిగిన బియ్యము మెండు, పాలును పప్పును కొంచెము. ఉత్తర సర్కారులలో బెరిబెరి వ్యాధి పాతుకొనుటకు గూడ ఆ మరబియ్యమే కారణము. ఎలుకలలో తేడా తెచ్చినది జాతియు కాదు, మాంసమును కాదు. పాలు, పప్పు, పైపొర పోని ధాన్యము.

ఇంతలో శాస్త్రమే తన ప్రశ్నను మార్చుకొన్నది. ఎంత మాంసకృత్తు అను ప్రశ్నతోపాటు ఎట్టి మాంసకృత్తు అను ప్రశ్న పుట్టినది. అమెరికాలో ఆస్బర్న్, మెండెల్ అనువారు 1914 ప్రాంతమున, మొక్కజొన్ననుండి తీసిన జెయిన్ అను మాంసకృత్తును మాత్రమే ఎలుకలకు పెట్టగా అవి క్షీణించుటయు, లైసిన్, ట్రిప్టోఫాన్ అను ఆమ్లములను చేర్చగా పెరుగుటయు చూపిరి. మాంసకృత్తులు అమైనో ఆమ్లముల కూర్పులు. శరీరము తాను తయారు చేసికొనలేని ఆమ్లములు ఆహారమునుండియే రావలెను. ధాన్యములలో లైసిన్ తక్కువ, గంధకము గల మెథియొనిన్ సమృద్ధము. పప్పులలో లైసిన్ సమృద్ధము, మెథియొనిన్ తక్కువ. ఒకదాని లోటును మఱియొకటి పూడ్చును. పప్పన్నము, పులగము, ఇడ్డెన, పెసరట్టుతో ఉప్మా, రొట్టెతో ఉలవకట్టు ఇవి యన్నియు ఈ పూరణమునకు ఉదాహరణములే.

ఈ సఖ్యము కంచముననే గాక పొలమునను కన్పట్టుచున్నది. 1886–88 నడుమ హెల్రీగెల్ అను జర్మను శాస్త్రజ్ఞుడు పప్పుజాతి మొక్కల వేరుబుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని గ్రహించి మొక్క కిచ్చునని నిరూపించెను. మాంసకృత్తునకు మూలద్రవ్యము నత్రజనియే. జొన్నసాళ్ల నడుమ కందిసాలు వేయు మన మెట్టరైతు ఆ సిద్ధాంతము నెఱుగడు. కాని కంది వేసిన నేల మఱుసటి యేడు బాగుగ పండునని యెఱుగును. వంటయింట గూడ ఇట్టి అనుభవజ్ఞానము కలదు. పప్పుగింజలలో జీర్ణక్రియను ఆటంకపఱచు ద్రవ్యములు కొన్ని యుండును. నానబెట్టుట, మొలకెత్తించుట, పులియబెట్టుట, ఉడికించుట వానిని తగ్గించును.

ఈ విషయమున మహాత్ముని ప్రయోగములు స్మరింపదగినవి. ఒకప్పుడు పప్పును గూడ విడిచిన గాంధీజీ, 1918లో తీవ్రవ్యాధికి లోనై, ఆవుపాలు ముట్టనను వ్రతమును అక్షరమాత్రముగ నిలుపుకొని మేకపాలు స్వీకరించిరి. ఆ నిర్ణయము తమ మనస్సును బాధించుచున్నదని ఆత్మకథలో వారే వ్రాసిరి. 1929లో ఆంధ్రదేశయాత్రా సందర్భమున రాజమహేంద్రవరమునందలి ప్రకృతిచికిత్సకులు సుందరం గోపాలరావుగారి ప్రేరణచే పచ్చిగింజలను మొలకెత్తించి వండకయే తిను ప్రయోగమును ఆరంభించిరి. ఆ యేడే అనారోగ్యముచే అది ఆగినది. పాలకు సాటియైన శాకద్రవ్యమును కనుగొనవలెనని వారు వైద్యులను పలుమాఱు కోరిరి. శాకాహారము నైతికనిష్ఠ యైనంత మాత్రమున పోషణ సమస్య తనంతట పరిష్కృతము కాదని ఆ నిజాయితీపరుని అనుభవమే సాక్ష్యము. పాలను గూడ విడిచినవారికి బి12 విటమిను శాకద్రవ్యములనుండి లభింపదని నేటి శాస్త్రము నిశ్చయించినది.

కూనూరు పరిశోధనాలయమునకు 1935లో అధ్యక్షుడైన ఐక్రాయిడ్ భారతీయాహారపదార్థముల పోషకవిలువలను 1937లో పట్టికలుగ ప్రకటించెను. ఆ పరిశోధనాలయమే 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను నామమును ధరించినది. 1971లో గోపాలన్ ప్రభృతులు సవరించి ప్రకటించిన పట్టికల ప్రకారము నూఱు గ్రాముల పదార్థమునందలి మాంసకృత్తు లిట్లున్నవి: మరబియ్యమున 6.8 గ్రాములు, జొన్నలలో 10.4, సజ్జలలో 11.6, రాగులలో 7.3, కందిపప్పున 22.3, పెసరపప్పున 24.5, మినపపప్పున 24, ఉలవలలో 22, సెనగపప్పున 20.8, ఆవుపాలలో 3.2, సోయాచిక్కుడున 43.2.

ఈ సంస్థ చేసిన పరిశోధనలలో రెండు తెలుగు గ్రామములకు సన్నిహితములు. జొన్నలే ప్రధానాహారముగ గల దక్కను పేదలలో పెల్లాగ్రా వ్యాధి కన్పట్టగా, గోపాలన్, శ్రీకంఠయ్యలు 1960లో జొన్నలలోని లూసిన్ ఆధిక్యము దానికి కారణమై యుండునని ప్రతిపాదించిరి. అంకెలలో జొన్న బియ్యముకంటె మిన్న యైనను, ఏకధాన్యజీవనము ప్రమాదకరమే యని దీని సారాంశము. రెండవది మఱింత ముఖ్యమైనది. 1950 తరువాత ప్రపంచమంతట 'మాంసకృత్తుల కొఱత' యను భయము ప్రబలి, 1968లో ఐక్యరాజ్యసమితియే రానున్న మాంసకృత్తుల సంక్షోభమును గూర్చి హెచ్చరించినది. మైసూరులో వేరుసెనగపిండి, సెనగపిండి కలిపి బహుళార్థసాధకాహారము తయారైనది. కాని సుఖాత్మే 1970లో భారతీయ భోజనములను పరిశీలించి, కడుపునిండ తినువారిలో మాంసకృత్తుల లోటు అరుదనియు, తిండి చాలనప్పుడే ఆ లోటు కలుగుననియు వాదించెను. హైదరాబాదు పరిశోధకులు 1973లో ప్రకటించిన అధ్యయనమున, అర్ధాకలి పిల్లలకు దినమునకు అదనముగ 310 కెలొరీల శక్తియు 3 గ్రాముల మాంసకృత్తులును మాత్రమే ఇయ్యగా వారి పెరుగుదల మెఱుగుపడెను. శరీరము ఆకలిగొన్నప్పుడు తిన్న మాంసకృత్తును గూడ ఇంధనముగ కాల్చివేయును. 1974లో మెక్లారెన్ ఈ ప్రపంచవ్యాప్త ప్రయత్నమును ఘోరవైఫల్యమని వర్ణించెను. గోధుమ, వేయించిన సెనగలు, వేరుసెనగ, బెల్లము కలిసిన 'హైదరాబాదు మిశ్రమము' ఈ గుణపాఠమును గ్రహించి రూపొందినది: అందు శక్తియు కలదు, మాంసకృత్తును కలదు, ధరయు స్వల్పము.

ఇంతటి జ్ఞానము సమకూరిన కాలముననే పప్పు కంచమునుండి తొలగజొచ్చుట చరిత్రలోని విపరీతము. దేశమున తలకు దినమొక్కంటికి లభ్యమైన పప్పుధాన్యములు 1951లో సుమారు 61 గ్రాములు, 1961లో 69 గ్రాములు. 2001 నాటికి అవి 30 గ్రాములకు దిగినవి. పిదప కొంత కోలుకొన్నను పూర్వస్థితి రాలేదు. హరితవిప్లవము వరి, గోధుమలకు నీరును, ఎరువును, మద్దతుధరను సమకూర్చినది. మెట్టపంటలైన పప్పులు వానకు విడువబడినవి. 1983లో ఆంధ్రప్రదేశమున రెండు రూపాయలకు కిలో బియ్యము పథకము ప్రారంభమై ఎందఱి ఆకలినో తీర్చినది. అయినను చౌకదుకాణమున బియ్యము దొరకినంత సులువుగ పప్పు దొరకలేదు. జొన్నసంకటి స్థానమున వరియన్నము చేరుటతో నూఱు గ్రాములకు 3.6 గ్రాముల మాంసకృత్తులు తగ్గినవి. పప్పు మాత్రము పెరుగలేదు.

లెక్కవేసి చూతము. భారత వైద్యపరిశోధన మండలి 2020లో నిర్ణయించిన ప్రకారము 65 కిలోల పురుషునకు దినమునకు 54 గ్రాములు, 55 కిలోల స్త్రీకి సుమారు 46 గ్రాములు మాంసకృత్తులు వలయును. 400 గ్రాముల బియ్యము వలన 27.2 గ్రాములు, 75 గ్రాముల కందిపప్పు వలన 16.7, 300 గ్రాముల పాలు పెరుగుల వలన 9.6, వెరసి 53.5 గ్రాములు వచ్చును. ఆకుకూర, గుప్పెడు వేరుసెనగపప్పులు చేర్చినచో అవసరము తీరి మిగులును. ఇందు గ్రుడ్డు గాని చేప గాని లేదు. అదే కంచమునుండి పప్పును, పాలను తీసివేసిన మిగులునది 27.2 గ్రాములు, అనగా సుమారు సగము. శాకాహారమునకు మాంసకృత్తులు చాలునా యను ప్రశ్నకు సమాధానము ఈ రెండు కంచముల నడుమ నున్నది.

ఈ ప్రశ్న కొలదిమంది ఆచారపరాయణులకు సంబంధించినదని భావించుట పొరపాటు. 2014 నాటి ప్రభుత్వ గణనలో తెలుగు రాష్ట్రములు రెండింటను సుమారు 98 శాతము జనులు మాంసాహారులని తేలినది. కాని పండుగకో, ఆదివారమునకో మాంసము వండుకొను కూలివాని మిగిలిన దినముల తిండి యేది? అన్నము, చారు, పచ్చడి. నియమముచే శాకాహారి యైనవాడు ఒక్కడైనచో, లేమిచే శాకాహారి యైనవారు పలువురు. మొదటివానికి పప్పు, పెరుగు కలవు. రెండవవానికి తఱచు అవియును లేవు. మెక్కే చూచిన బలహీనత ఈ రెండవవానిది. విష్ణుచిత్తుని విస్తరి మొదటివానిది. ఇరువురిని ఒకే పేర పిలుచుటవలననే శాకాహారమును గూర్చిన నిందయు స్తుతియు రెండును దారితప్పినవి.

మాంసకృత్తు అను పదమును మార్చవలసిన పని లేదని మా యభిప్రాయము. దాని వ్యుత్పత్తిని సరిగా బోధించిన చాలును. మాంసమును చేయునది మాంసమే కానక్కఱలేదు. కందిపప్పును ఆ పని చేయును. అయితే పదవ్యుత్పత్తిని పాఠశాలలో చెప్పి, పప్పును ధరకు విడిచిపెట్టినచో ఆ బోధ నిష్ఫలము. తెలుగుసీమలలోని పంటపేర్లు, వంటపేర్లు, సామెతలు, కూలిపాటలు, గ్రామకరణముల లెక్కలు సేకరించి, ఎవరి కంచమున ఏ కాలమున పప్పు ఎంత యుండెనో నిర్ణయించుట పరిశోధక విద్యార్థుల ముందున్న కార్యము. విష్ణుచిత్తుని అతిథుల భోజనమును మనము ఎఱుగుదుము. వారికై వరి నాటినవారి భోజనమును ఇంకను తెలిసికొనవలసియున్నది.